హెచ్-1బి పిటిషన్‌కు ఆర్‌ఎఫ్‌ఈ (మరిన్ని ఆధారాలు కోరే నోటీసు) వచ్చింది: క్లయింట్ లేఖ, మెకానికల్ డిగ్రీ, స్టేటస్ గురించి సలహా కావాలి

కృష్ణాతీరం | 2025 ఆగస్టు 23

అందరికీ నమస్కారం. నేను 2018లో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక కళాశాలలో మెకానికల్ ఇంజినీరింగులో బి.టెక్. పూర్తిచేసి, రెండేళ్లు హైదరాబాదులో పనిచేసి, 2021 జనవరిలో ఎం.ఎస్. కోసం అమెరికా వచ్చాను. 2022 మే నెలలో ఇంజినీరింగ్ మేనేజ్‌మెంటులో పట్టా అందుకుని, మొదటి ఏడాది ఓపీటీ (చదువయ్యాక విద్యార్థులకిచ్చే పని అనుమతి) మీద, తరువాత రెండేళ్లు స్టెమ్ ఓపీటీ (సాంకేతిక డిగ్రీలవారికి దాని పొడిగింపు) మీద డల్లాస్ ప్రాంతంలో డేటా ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఓపీటీ గడువు ఈ జులైలో ముగిసింది. నాలుగో ప్రయత్నంలో హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీలో పేరు వచ్చింది, జూన్‌లో పిటిషన్ దాఖలైంది, ఇప్పుడు క్యాప్-గ్యాప్ (ఓపీటీ ముగిసినా హెచ్-1బి తేలేదాకా పనిచేయనిచ్చే వెసులుబాటు) మీద ఉద్యోగం చేస్తున్నాను.

ఆగస్టు 11 తేదీతో తొమ్మిది పేజీల ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది. అందులో నాలుగు విషయాలు అడిగారు. నా ఉద్యోగం స్పెషాలిటీ ఆక్యుపేషన్ (ప్రత్యేకమైన డిగ్రీ అవసరమయ్యే వృత్తి) అని నిరూపించాలి. నేను మా సంస్థ ఉద్యోగినైనా ఒక వెండర్ (మధ్యవర్తి సంస్థ) ద్వారా క్లయింటు దగ్గర పనిచేస్తున్నాను కాబట్టి ఆ పని నిజంగా ఉందని చూపించాలి. నా చదువుకూ ఈ పనికీ ఉన్న సంబంధాన్ని వివరించాలి. ఓపీటీ కాలమంతా స్టేటస్ (చట్టబద్ధంగా ఉండే హోదా) నిలుపుకున్నానని ఆధారాలు ఇవ్వాలి. మా సంస్థవారు నాకు నోటీసు ప్రతిని ఇవ్వడానికే పది రోజులు పట్టింది. క్లయింట్ మేనేజరును లేఖ అడిగితే, అటువంటి లేఖలు ఇవ్వడం తమ కంపెనీ విధానం కాదన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రాస్తున్నాను.

ఎడిసన్‌వాసి | ఆగస్టు 23

కృష్ణాతీరం గారూ, ముందు ఒక మాట. ఆర్‌ఎఫ్‌ఈ తిరస్కరణ కాదు. అధికారి చేతిలో ఉన్న కాగితాలతో అంగీకరించలేకపోతున్నానని, ఇంకేం కావాలో చెబుతూ రాసిన ఉత్తరం అది. 2018లో నాకూ వచ్చింది. ఆ రోజుల్లో పరిస్థితి చాలా కఠినంగా ఉండేది. 2017 మార్చి 31న కంప్యూటర్ ప్రోగ్రామర్ ఉద్యోగాల మీద ఒక మెమో (వలస శాఖ తన అధికారులకిచ్చే ఆదేశం), 2018 ఫిబ్రవరి 22న క్లయింట్ స్థలాల్లో పనిచేసేవారి కాంట్రాక్టుల మీద ఇంకో మెమో వచ్చాయి. పొడిగింపు అయినా పాత ఆమోదాన్ని లెక్కలోకి తీసుకోనవసరం లేదని 2017 అక్టోబరులో మరొకటి చెప్పింది. నాకు అంతకుముందు ఆరేళ్లుగా అదే సంస్థలో, అదే పనికి రెండుసార్లు ఆమోదం వచ్చినా ఫలితం లేకపోయింది. మా అప్పటి సంస్థ అటార్నీ నాలుగు వాక్యాల లేఖతో, పాత దరఖాస్తులోని కాగితాలనే మళ్లీ జోడించి పంపారు. తిరస్కరించారు. భార్యాబిడ్డలతో ఇల్లు సర్దుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది. రెండేళ్ల తరువాత వేరే సంస్థ ద్వారా మళ్లీ వచ్చాను. అందుకే ఈ విషయంలో ఎవరు అడిగినా నాకు తెలిసినంత చెబుతాను.

ఆ మెమోలలో రెండు కోర్టుల్లో నిలబడలేదు. కాంట్రాక్టుల మెమోకు వ్యతిరేకంగా 2020 మార్చిలో ఐటీసర్వ్ అలయన్స్ కేసులో తీర్పు రాగా, ఆ జూన్‌లోనే దాన్ని ఉపసంహరించారు. ప్రోగ్రామర్ మెమోను ఆధారంగా చేసుకుని ఇచ్చిన తిరస్కరణను 2020 డిసెంబరులో ఇన్నోవా సొల్యూషన్స్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తప్పుపట్టగా, మరుసటి ఫిబ్రవరిలో దాన్నీ తీసేశారు. కాబట్టి స్నేహితుల దగ్గర ఉన్న 2018 నాటి నమూనా జవాబులు తెచ్చుకుని వాటినే అనుకరించకండి. ఇప్పటి నియమాలు 2024 డిసెంబరు 18న ప్రకటించి, 2025 జనవరి 17 నుంచి అమలు చేస్తున్నవి. మీ జవాబు వాటి భాషలో ఉండాలి.

పత్రాలగది | ఆగస్టు 24

నేను అటార్నీని కాను. ఒక ఇమ్మిగ్రేషన్ అటార్నీ కార్యాలయంలో పదకొండేళ్లు పత్రాలు సిద్ధం చేసే పని చేశాను. మీ కేసు మీద నిర్ణయం మీ అటార్నీదే అని గుర్తుపెట్టుకుని ఈ వివరాలు చదవండి.

మొదటిది గడువు. ఇటువంటి నోటీసుకు గరిష్ఠంగా 84 రోజులు ఇస్తారు, తపాలాలో వస్తే మరో మూడు రోజులు కలుస్తాయి. ఆగస్టు 11 నుంచి లెక్కిస్తే మీకు నవంబరు 6 వస్తుంది, అయినా నోటీసు మీద ముద్రించిన తేదీనే ప్రమాణంగా తీసుకోండి. ఆ తేదీకి జవాబు వారి చేతికి అంది ఉండాలి, కొరియరులో వేస్తే సరిపోదు. గడువు పొడిగించమని అడిగే వీలు చట్టంలో లేదు. జవాబు ఇవ్వకపోతే పిటిషన్‌ను వదులుకున్నట్లు భావించి తిరస్కరిస్తారు, అటువంటి తిరస్కరణ మీద అప్పీలుకు అవకాశం ఉండదు.

రెండోది, జవాబు ఒక్కసారే. కొన్ని కాగితాలు ఇప్పుడు పంపి, మిగిలినవి దొరికాక పంపుదామనుకుంటే, మొదట అందినదాన్నే మీ పూర్తి జవాబుగా తీసుకుని నిర్ణయం చేయవచ్చు. కాబట్టి ఒకే పొట్లం, ఒకే విషయసూచిక, అన్నిటికంటే పైన అసలు నోటీసు. నోటీసులో రాసిన చిరునామాకే పంపాలి. మొదటి పిటిషన్ పంపిన చిరునామా వేరే అయి ఉండవచ్చు, ఈ పొరపాటు నేను కళ్లారా చూశాను.

మూడోది చాలామందికి తెలియదు. పిటిషన్ వేసింది సంస్థ, కాబట్టి నోటీసు సంస్థకూ దాని అటార్నీకీ వెళ్తుంది. మీరు విడిగా జవాబు పంపలేరు. అయితే జవాబులో పెట్టే ప్రతి మాటా మీ పని గురించే కాబట్టి, పంపేముందు మొత్తం పొట్లాన్ని మీకు చూపించమని రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగి చదవని జవాబులోనే తప్పులు ఎక్కువగా దొర్లుతాయి.

మెకానికల్ నుంచి కోడింగ్‌కి | ఆగస్టు 24

మీ మూడో అంశం నాకు 2022లో వచ్చింది. నాది మెకానికల్ బి.టెక్., ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ ఎం.ఎస్., ఉద్యోగం సాఫ్ట్‌వేర్ డెవలపర్. మన ఊళ్లల్లో ఏ బ్రాంచి చదివినా చివరికి సాఫ్ట్‌వేర్‌లోకి రావడం మామూలు విషయం, అధికారికి మాత్రం అది వివరించాల్సిన విషయం.

నియమం ఏమంటుందంటే, ఆ ఉద్యోగానికి కావలసిన డిగ్రీ ఆ పని బాధ్యతలతో నేరుగా సంబంధం ఉన్నదై ఉండాలి. 2025 జనవరి నియమాల్లో ఆ సంబంధాన్ని తార్కికమైన అనుసంధానంగా వివరించారు. డిగ్రీ పేరూ ఉద్యోగం పేరూ ఒకటే కానవసరం లేదు. ఒకటికంటే ఎక్కువ రంగాల డిగ్రీలను అంగీకరించవచ్చు, కానీ ఒక్కో రంగం ఆ పనికి ఎలా సరిపోతుందో సంస్థ చూపించాలి. "ఏదైనా ఇంజినీరింగ్ డిగ్రీ చాలు" అని మీ సంస్థ మద్దతు లేఖలో రాసి ఉంటే మాత్రం ఈ ప్రశ్న అక్కడి నుంచే వచ్చిందనుకోండి. ఏ ఇంజినీరింగ్ అయినా పనికొస్తుందంటే, ప్రత్యేకమైన విద్య అవసరం లేదని సంస్థే ఒప్పుకున్నట్లవుతుంది.

నేను చేసింది ఇది. నా పనిని ఆరు ముఖ్య బాధ్యతలుగా విడదీసి, ఒక్కోదానికి వారంలో ఎంత శాతం సమయం పడుతుందో రాశాను. ఒక్కో బాధ్యత పక్కన, ఆ పని చేయడానికి ఏ జ్ఞానం కావాలి, అది ఏ కోర్సులో నేర్చుకున్నాను, ఆ కోర్సులో ఏ పాఠ్యాంశం అన్నది పట్టికగా ఇచ్చాను. డేటా పైప్‌లైన్‌లో లోపాలను గణాంక పద్ధతులతో పసిగట్టే పనికి సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం కోర్సు, పని భారాన్ని సర్వర్ల మధ్య పంచే పనికి ఆపరేషన్స్ రీసెర్చ్, ఇలా. బి.టెక్.లో చదివిన సీ ప్రోగ్రామింగ్, సంఖ్యా పద్ధతులు కూడా అక్కరకు వచ్చాయి. కోర్సు పేరు ఒక్కటే రాస్తే లాభం లేదు, సిలబస్ ప్రతి జతచేయాలి. మీరు ఇంజినీరింగ్ మేనేజ్‌మెంటులో డేటాబేసులు, నిర్ణయ నమూనాల వంటి కోర్సులు తీసుకుని ఉంటే అవే మీకు ప్రాణం.

కృష్ణాతీరం | ఆగస్టు 26

మీ అందరికీ చాలా కృతజ్ఞతలు. ఎం.ఎస్.లో డేటా నిర్వహణ, ప్రిడిక్టివ్ అనలిటిక్స్, సిమ్యులేషన్ కోర్సులు తీసుకున్నాను. ఆ సిలబస్‌లు విశ్వవిద్యాలయం వెబ్‌సైటులోనే దొరికాయి. బి.టెక్.వి మాత్రం లేవు. నాన్నగారు తెనాలిలో ఉంటారు, ఆయనను కళాశాలకు వెళ్లమని అడగాలి.

ఇంకో విషయం రాయడానికి సంకోచంగా ఉంది, కానీ అడగక తప్పదు. మా సంస్థలో ఒకరు ఫోన్ చేసి, క్లయింట్ లేఖ ఇవ్వకపోతే కంగారుపడవద్దని, తమకు తెలిసిన మరో కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక లేఖ "ఏర్పాటు" చేయిస్తామని, జవాబు తయారీకి రెండు వేల డాలర్లు నేనే కట్టాలని అన్నారు. ఇది మామూలేనా?

ఎడిసన్‌వాసి | ఆగస్టు 26

బాబూ, ఇది మామూలు కాదు, మీరు ఒప్పుకోకూడదు. నేను మీకన్నా పెద్దవాణ్ణి కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

మీరు పనిచేయని కంపెనీ నుంచి తెచ్చే లేఖ అబద్ధపు పత్రం. ఐ-129 (హెచ్-1బి పిటిషన్ ఫారం) మీద సంస్థ చేసే సంతకం అబద్ధమైతే శిక్షకు బాధ్యత వహిస్తానని ఒప్పుకుంటూ చేసే సంతకం. వలస ప్రయోజనం కోసం తెలిసి అబద్ధం చెప్పినట్లు తేలితే ఆ మచ్చ ఈ పిటిషన్‌తో ఆగదు. ఆ తరువాత ఎప్పుడు వీసాకు వెళ్లినా, గ్రీన్‌కార్డుకు వెళ్లినా, దేశంలోకి ప్రవేశానికి శాశ్వతంగా అనర్హులని తేల్చే నిబంధన ఉంది. ఆర్‌ఎఫ్‌ఈకి సరైన ఆధారాలు దొరక్క తిరస్కరణ వచ్చినవాడు మళ్లీ రావచ్చు. నేనే వచ్చాను. దొంగ లేఖ పెట్టి దొరికినవాళ్లు ఇద్దరు నాకు స్వయంగా తెలుసు, వాళ్లు ఇప్పటికీ రాలేకపోతున్నారు. అధికారులు క్లయింట్ కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంటారు, పనిచేసే చోటికి తనిఖీకి వస్తారు. కొత్త నియమాల్లో క్లయింట్ స్థలంలోనూ, ఇంటి నుంచి పనిచేస్తే ఇంటి దగ్గరా తనిఖీ చేసే అధికారాన్ని స్పష్టంగా రాశారు.

డబ్బు సంగతి కూడా చెబుతాను. పిటిషన్‌కు సంబంధించిన అటార్నీ ఖర్చులు సంస్థ వ్యాపార ఖర్చులు. వాటిని ఉద్యోగి మీద వేసినందువల్ల అతని జీతం ఎల్‌సీఏలో (వేతనం, పనిచోటు చెబుతూ సంస్థ కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తులో) చెప్పిన తప్పనిసరి వేతనం కంటే తగ్గితే అది కార్మిక శాఖ నియమాల ఉల్లంఘన. ఈ సంభాషణ ఫోన్‌లో జరిగింది కాబట్టి, "మీరు చెప్పిన ఆ లేఖ నాకు వద్దు, నేను నిజంగా పనిచేస్తున్న చోటి ఆధారాలే పెట్టండి" అని ఈరోజే ఈమెయిల్ చేయండి. ఆ ఈమెయిల్ దాచుకోండి.

ఓరుగల్లు | ఆగస్టు 27

నేను ఇరవై మంది ఉద్యోగులున్న చిన్న సంస్థను న్యూజెర్సీలో నడుపుతున్నాను. పైన చదివిన ఫోన్ సంభాషణ నన్ను బాధపెట్టింది. ఇటువంటివారి వల్ల నిజాయితీగా నడిపే చిన్న సంస్థలన్నిటినీ అనుమానంతో చూస్తున్నారు.

క్లయింట్ లేఖ ఇవ్వకపోవడం మాకు రోజూ ఎదురయ్యే విషయమే. పెద్ద కంపెనీల న్యాయ విభాగాలు ఒప్పుకోవు. అప్పుడు ఒక లేఖ చేసే పనిని ఆరేడు కాగితాలు కలిసి చేయాలి. మాకూ వెండరుకూ మధ్య ఉన్న మాస్టర్ ఒప్పందం, వెండరుకూ క్లయింటుకూ మధ్య పని వివరించే వర్క్ ఆర్డరు, ఉద్యోగి పేరు, ప్రాజెక్టు, తేదీలు ఉన్న కొనుగోలు ఆర్డరు, క్లయింట్ మేనేజరు ఆమోదించిన టైమ్‌షీట్లు, ప్రవేశ బ్యాడ్జి ప్రతి, క్లయింట్ ఈమెయిల్ ఖాతా నుంచి పని అప్పగించిన ఉత్తరాలు, వెండర్ ఇచ్చే లేఖ. క్లయింట్ దగ్గర పక్కన పనిచేసేవారెవరైనా, మేనేజరు అయితే మరీ మంచిది, వ్యక్తిగత హోదాలో తాము చూసినదాన్ని ప్రమాణపూర్వకంగా రాసివ్వవచ్చు. కంపెనీ తరఫున కాదు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పందాల్లోని ధరలను నల్లగా కప్పవచ్చు, వ్యాపార రహస్యాలు ఎవరూ అడగరు. కానీ పేజీ అంతా నలుపైతే అధికారికి ఏమీ మిగలదు, అలాంటి కాగితానికి విలువ ఇవ్వనవసరం లేదని వారు భావిస్తారు.

ఇంకో ముఖ్యమైన తేడా. మిమ్మల్ని క్లయింట్ సంస్థలోని ఒక స్థానంలో, వారి సిబ్బందిలో ఒకరిలా నియమించినట్లయితే, ఆ స్థానానికి డిగ్రీ అవసరమని క్లయింటు కోరుతుందా లేదా అన్నదే లెక్కలోకి వస్తుంది. మీ సంస్థ క్లయింటుకు ఒక సేవ అందిస్తూ ఆ సేవలో భాగంగా మిమ్మల్ని పంపితే, మీ సంస్థ అవసరమే ప్రధానం. మీ జవాబు ఏ పక్షాన నిలుస్తుందో ముందే తేల్చుకోవాలి. మొదటిదైతే, క్లయింట్ ఆ స్థానానికి ఇచ్చిన ఉద్యోగ ప్రకటనలో ఏ డిగ్రీ అడిగారో వెతకండి. నాకు ఒకసారి అదే దారి చూపింది.

ఆర్‌ఎఫ్‌ఈ రాకుండా ఏం చేయాలని కొత్త యజమానులు అడుగుతుంటారు. నేను చూసినంతలో ఎక్కువ ఆర్‌ఎఫ్‌ఈలకు మూలం కాగితాల మధ్య పొంతన లేకపోవడం. ఎల్‌సీఏలో ఒక వృత్తి కోడ్, మద్దతు లేఖలో ఇంకో వృత్తి బాధ్యతలు. వేతనం మొదటి స్థాయి, అంటే ప్రవేశ స్థాయి. బాధ్యతల్లో మాత్రం బృందానికి నాయకత్వం, వ్యవస్థ రూపకల్పన అని రాస్తారు. మొదటి స్థాయి వేతనం తప్పేమీ కాదు, కానీ ఆ వేతనానికి సరిపోయే పనినే రాయాలి. పని ఊరు ఎల్‌సీఏలో ఒకటి, వర్క్ ఆర్డరులో మరొకటి. పాత ఉద్యోగి లేఖను కాపీ చేసి పేరు మాత్రమే మార్చడం. నేను ఇప్పుడు ఎల్‌సీఏ వేయడానికి ముందే ఉద్యోగితో గంటసేపు మాట్లాడి, అతని మాటల్లో పనిని రాయించుకుంటాను. ఆ తరువాతే కోడ్, వేతన స్థాయి నిర్ణయిస్తాం. ఎల్‌సీఏ ఏడు పనిదినాల్లో ధ్రువీకరణ అవుతుంది, ఆ వారం ఆగడం వల్ల ఎవరికీ నష్టం లేదు.

నెల్లూరి సుధ | ఆగస్టు 28

స్టేటస్ అంశం గురించి నాకు తెలిసింది రాస్తాను. ఓపీటీ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజుల నిరుద్యోగం, స్టెమ్ పొడిగింపుతో కలిపి 150 రోజులు దాటకూడదు. కాబట్టి ప్రతి యజమాని దగ్గర మొదటి రోజు, చివరి రోజు తేదీలను ఒక కాగితం మీద రాసి, మధ్యలోని ఖాళీలను లెక్కించి, ఆ లెక్కనే ముందుపెట్టండి. వెనక పే స్టబ్‌లు (జీతం చీటీలు), డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను పత్రాలు), అన్ని ఐ-20లు (విద్యార్థి హోదా పత్రాలు), ఈఏడీ కార్డులు (పని అనుమతి కార్డులు), స్టెమ్ కోసం నింపిన ఐ-983 (శిక్షణ ప్రణాళిక), దాని మదింపులు ఉండాలి. ఐ-983లో రాసిన శిక్షణకూ ఇప్పుడు చెబుతున్న పనికీ వైరుధ్యం ఉందేమో తప్పక చూసుకోండి. ఈ ఒక్కటి నాకు రెండు రాత్రుల నిద్ర పోగొట్టింది. నేను సంస్థ మారినప్పుడు కొత్త ఐ-983 వేశాను గానీ, దాని ప్రతి దాచుకోలేదు. కళాశాల అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగితే మూడు వారాలకు పంపారు.

కృష్ణాతీరం | సెప్టెంబరు 14

నాన్నగారు కళాశాలకు మూడుసార్లు వెళ్లారు. మొదటిసారి, మా బ్యాచ్ ఏ రెగ్యులేషన్ (సిలబస్ ప్రణాళిక) కింద చదివిందో చెబితేనే సిలబస్ ఇస్తామన్నారు. రెండోసారి ఇచ్చారు గానీ కళాశాల ముద్ర లేదు. మూడోసారి ప్రిన్సిపాల్ సంతకంతో, ముద్రతో తెచ్చారు. ఆ కాగితాలను స్కాన్ చేయించడానికి ఆయన నెట్ సెంటరులో సాయంత్రం వరకు కూర్చున్నారట.

ఇంకో చిక్కు బయటపడింది. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు మొదటి అక్షరంగా మాత్రమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. బి.టెక్. ఓడీలో (అసలు పట్టాలో) మెమోలోలాగే ఉంది. పైగా మొదటి పిటిషన్‌లో ప్రొవిజినల్ సర్టిఫికెట్ మాత్రమే పెట్టారట. ఇది సమస్య అవుతుందా?

పత్రాలగది | సెప్టెంబరు 14

పెద్దాయనకు మా నమస్కారాలు చెప్పండి.

ప్రొవిజినల్ బదులు ఇప్పుడు ఓడీ, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో రెండూ పెట్టండి. పేరు విషయంలో, ఇంటిపేరు పొడి అక్షరంగా రాయడం మన దగ్గర వాడుకలో ఉన్న పద్ధతి అని, ఆ వేర్వేరు రూపాల్లో ఉన్న వ్యక్తి తానొక్కడినేనని మీరు ఒక ప్రమాణ పత్రం రాసి, పుట్టిన తేదీ, తండ్రి పేరు అన్నిట్లో ఒకటే ఉన్నట్లు చూపించండి. అది చాలావరకు సరిపోతుంది. ఏ కాగితమైనా తెలుగులో ఉంటే పూర్తి ఇంగ్లీషు అనువాదం కావాలి. అనువాదకుడు ఆ అనువాదం పూర్తిగా, సరిగా ఉందని, తనకు రెండు భాషలూ వచ్చని సంతకం చేసి ధ్రువీకరించాలి. సారాంశం పనికిరాదు. పెళ్లయినవారికి హెచ్-4 (జీవిత భాగస్వామి వీసా) దరఖాస్తుల్లో పంచాయతీ ఇచ్చిన వివాహ ధ్రువపత్రాల దగ్గర ఇదే పొరపాటు జరుగుతుంటుంది.

మీ అటార్నీ ప్రొఫెసరు నుంచి నిపుణుల అభిప్రాయ లేఖ తెప్పిస్తామని అన్నారా? అంటే ఒక జాగ్రత్త. ఆ ప్రొఫెసరు మీ పని గురించి దేన్ని చదివి రాశారో లేఖలో కనిపించాలి. మీతో మాట్లాడకుండా, వర్క్ ఆర్డరు చూడకుండా, అందరికీ ఒకే అచ్చులో పోసినట్లు రాసే లేఖలకు అధికారులు తక్కువ విలువే ఇస్తారు. మిగతా ఆధారాలకు విరుద్ధంగా ఉంటే నిపుణుల మాటను పక్కనపెట్టే స్వేచ్ఛ వారికి ఉంది.

కృష్ణాతీరం | సెప్టెంబరు 22

హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుమంటూ శుక్రవారం వచ్చిన ప్రకటన విని రెండు రోజులుగా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. నా పిటిషన్‌కు వర్తిస్తుందా?

పత్రాలగది | సెప్టెంబరు 22

వర్తించదు. సెప్టెంబరు 19న వెలువడిన ఆ ప్రకటన 21వ తేదీ నుంచి కొత్తగా దాఖలయ్యే పిటిషన్లకు. మీది జూన్‌లో దాఖలైంది, ఆర్‌ఎఫ్‌ఈకి జవాబివ్వడం కొత్త పిటిషన్ వేయడం కాదు. అయితే ఈ పిటిషన్ విలువ ఇప్పుడు మరింత పెరిగిందని మాత్రం గుర్తించండి. తిరస్కరణ వచ్చి కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తే దారి మునుపటికంటే చాలా కష్టం.

ఉత్తరాంధ్ర | అక్టోబరు 6

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాకూ ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది. పిటిషన్ వేశాక ఆగస్టులో నా క్లయింట్ ప్రాజెక్టు ముగిసింది, ఇప్పుడు వేరే రాష్ట్రంలో కొత్త క్లయింట్. జవాబులో కొత్త క్లయింట్ కాగితాలు పెట్టవచ్చునని మా సంస్థ అంటోంది.

పత్రాలగది | అక్టోబరు 6

దీని గురించి మీ అటార్నీతో వెంటనే మాట్లాడండి, ఎందుకంటే ఇది ఆర్‌ఎఫ్‌ఈ జవాబుతో సరిదిద్దగల విషయం కాకపోవచ్చు. పిటిషన్ దాఖలైన రోజున అర్హత ఉండి తీరాలన్నది మూల సూత్రం. ఆ రోజున ఉన్న పనికి ఆధారాలు జవాబులో పెట్టవచ్చు, అవి ఆ తరువాత తేదీతో రాసినవైనా పరవాలేదు. కానీ తరువాత పుట్టిన పనిని తెచ్చి పాత పిటిషన్‌లో అమర్చడానికి ఒప్పుకోరు. పైగా పనిచేసే చోటు మరో మహానగర ప్రాంతానికి మారితే కొత్త ఎల్‌సీఏతో సవరణ పిటిషన్ వేయాలని 2015 ఏప్రిల్‌లో సిమీయో సొల్యూషన్స్ నిర్ణయంలో చెప్పారు. మీకు ఇప్పుడు ఇంకో అడ్డంకి ఉంది. అక్టోబరు 1న ప్రభుత్వ కార్యకలాపాలు ఆగిపోవడంతో కార్మిక శాఖ ఎల్‌సీఏలను చూడడం లేదు. పిటిషన్లను చూసే వలస శాఖ, యూఎస్‌సీఐఎస్, ఎక్కువగా ఫీజుల మీద నడుస్తుంది కాబట్టి మీ ఆర్‌ఎఫ్‌ఈ గడువు మాత్రం ఆగలేదు. పాత ప్రాజెక్టు దాఖలు రోజున ఉన్నదనడానికి ఆధారాలు ముందు సేకరించండి.

కృష్ణాతీరం గారికి కూడా ఇదే అన్వయిస్తుంది. మీరు వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పనిచేస్తున్నట్లయితే, ఇల్లు ఎల్‌సీఏలోని మహానగర ప్రాంతంలోనే ఉంటే సవరణ అవసరం లేదు, ఆ సంగతి జవాబులో దాచకుండా చెప్పండి.

ఎడిసన్‌వాసి | అక్టోబరు 7

కృష్ణాతీరం గారూ, పొట్లం పంపేముందు నేను పాటించే పద్ధతి ఒకటి. నోటీసును మళ్లీ మొదటి నుంచి చదువుతూ, అందులో అడిగిన ప్రతి వాక్యం పక్కన మీ జవాబు పేజీ సంఖ్యను పెన్సిలుతో రాయండి. ఏ వాక్యం పక్కన ఖాళీ మిగిలితే అక్కడ మీ జవాబు లేదన్నమాట. అడిగిన ఫలానా కాగితం నిజంగా దొరకకపోతే, ఎందుకు దొరకలేదో, దానికి బదులు ఏది ఇస్తున్నారో ఒక పేరాలో రాయాలి. మౌనంగా వదిలేయకూడదు. వారు కోరే ప్రమాణం సందేహానికి తావులేని రుజువు కాదు. మీరు చెప్పేది నిజం కావడానికే ఎక్కువ అవకాశం ఉందని అనిపించాలి. 2010 నాటి చావతే నిర్ణయం అదే అంటుంది. దాన్ని మీ అటార్నీ లేఖలో పేర్కొనడం మంచిది.

అడగనివి మాత్రం కుప్పగా పోయకండి. 2018 తిరస్కరణ తరువాత నేను చేసిన రెండో ప్రయత్నంలో ఆరువందల పేజీలు పెట్టించబోయాను. మా కొత్త అటార్నీ వాటిలో నాలుగువందలు తీసేసి, మిగిలినవాటికి ప్రతి విభాగం ముందు ఒక పేజీ వివరణ రాశారు.

కృష్ణాతీరం | అక్టోబరు 28

జవాబు నిన్న అందింది. సంస్థవారు దానితోపాటే త్వరగా నిర్ణయం కోసం 2,805 డాలర్ల ప్రీమియం రుసుము కూడా చెల్లించారు, కాబట్టి పదిహేను పనిదినాల్లో తెలియాలి. ఇక్కడ మీరు చెప్పినట్లు ఈమెయిల్ చేసిన తరువాత ఆ "ఏర్పాటు" లేఖ ప్రస్తావన మళ్లీ రాలేదు. సంస్థ యజమాని స్వయంగా ఫోన్ చేసి, ఆ మాట తన అనుమతితో అన్నది కాదని, జవాబు ఖర్చంతా తామే భరిస్తామని చెప్పారు. క్లయింట్ దగ్గరి నా బృంద నాయకురాలు వ్యక్తిగత హోదాలో మూడు పేజీల ప్రమాణ పత్రం రాసిచ్చారు. అందులో నా పని గురించి ఆవిడ రాసింది చదివి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నానో నాకే స్పష్టంగా తెలిసినట్లు అనిపించింది. పెన్సిలు పద్ధతి పాటిస్తే రెండు ఖాళీలు దొరికాయి. ఒకటి ఐ-983 మదింపు, ఇంకొకటి వెండర్, క్లయింటుల మధ్య వర్క్ ఆర్డరు పొడిగింపు పత్రం. రెండూ చివరి వారంలో సంపాదించి పెట్టాం.

ఒకవేళ తిరస్కరిస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలని ఉంది.

పత్రాలగది | అక్టోబరు 28

తిరస్కరిస్తే క్యాప్-గ్యాప్ ఆ రోజుతో ముగుస్తుంది, పని ఆపేయాలి. మోసం గానీ స్టేటస్ ఉల్లంఘన గానీ కారణం కాకపోతే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారికి సర్దుకుని వెళ్లడానికి 60 రోజులు ఉంటాయి. సంస్థ కావాలనుకుంటే ఐ-290బి ఫారం ద్వారా 30 రోజుల్లో, నిర్ణయం తపాలాలో వస్తే 33 రోజుల్లో, పునఃపరిశీలన లేదా అప్పీలు కోరవచ్చు. అది పెట్టినంత మాత్రాన ఇక్కడ ఉండే హక్కు రాదు. 2025 ఫిబ్రవరి 28 నాటి విధానం ప్రకారం, తిరస్కరణ తరువాత చట్టబద్ధమైన స్టేటస్ లేకుండా ఉండిపోతే ఇమ్మిగ్రేషన్ కోర్టుకు హాజరు కావాలన్న నోటీసు కూడా రావచ్చు. అందుకే ఆ 60 రోజులను ఖాళీగా గడపకూడదు.

కృష్ణాతీరం | నవంబరు 14

నిన్న ఆమోదం వచ్చింది. నాన్నగారికి ఫోన్ చేస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, సిలబస్ పుస్తకం అసలు ప్రతిని బీరువాలో పెట్టానని, మళ్లీ ఎప్పుడైనా కావాలంటే అడగమని అన్నారు.

పత్రాలగది | నవంబరు 14

చాలా సంతోషం. ఐ-797 (ఆమోద పత్రం) కాగితం చేతికి వచ్చాక అడుగు భాగంలో ఉండే కొత్త ఐ-94ను (ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే పత్రాన్ని) చూడండి. పేరు అక్షరాలు, పుట్టిన తేదీ, గడువు తేదీ పాస్‌పోర్టుతో సరిపోతున్నాయో ఒక్కొక్కటిగా పోల్చండి. తప్పుంటే ఈ వారంలోనే అటార్నీకి చెప్పండి. మీ సంస్థ దగ్గర నుంచి పిటిషన్, ఆర్‌ఎఫ్‌ఈ, జవాబు మూడింటి పూర్తి ప్రతులు అడిగి తీసుకోండి. మూడేళ్ల తరువాత పొడిగింపుకు వెళ్లినప్పుడు, మళ్లీ సంస్థ మారినప్పుడు, గ్రీన్‌కార్డు మొదలుపెట్టినప్పుడు అందులో ఏం రాశారో మీకు కావాలి.

ఉత్తరాంధ్ర | నవంబరు 15

కృష్ణాతీరం గారికి అభినందనలు. మీ బాధ్యతల పట్టికలో కంపెనీల పేర్లు, మీ వివరాలు తీసేసి, దాని అమరికను ఇక్కడ పెట్టగలరా? నా గడువు డిసెంబరు 2.

కృష్ణాతీరం | నవంబరు 15

ఈ రాత్రికే పెడతాను. మీ డిగ్రీ ఏది, పని ఏమిటో రాయండి, ఆ వరుసలు ఎలా నింపాలో కలిసి చూద్దాం.